ఎడమపక్క మనిషి

హైమావతి మా ఇంటికి వచ్చేసరికి నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని గోంగూర బాగుచేసుకుంటున్నాను. ఆ పిల్ల చేతిలో బత్తాయిల సంచి చూడగానే ఎందుకొచ్చిందో తెలిసిపోయిందనుకున్నాను. ముద్ర వేయించుకున్న పిల్లలు ఉద్యోగం రాగానే పళ్ళు పట్టుకొచ్చి మా ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళడం అప్పటికి రెండేళ్ళుగా ఆనవాయితీ. మొత్తం నాలుగొందల పన్నెండు మంది. మా వీధిలో మా బత్తాయిలు తినని ఇల్లు లేదు.

“సార్ ఇంకా రాలేదమ్మా. కూర్చో,” అన్నాను.

ఆ పిల్ల కూర్చోలేదు. సంచి బల్ల మీద పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.

ముద్ర అంటే ఏమిటో ముందు చెప్పాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టు, కంప్యూటర్ చదివిన పిల్లలకు అనుభవం ఉంటేగాని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం ఇస్తేగాని అనుభవం రాదు. ఈ ముడి విప్పడానికి మా విశాఖపట్నంలో, మధురవాడ కొండ మీది ప్రయోగశాలలో, డాక్టర్ నస్రీన్ ‘ప్రజ్ఞాముద్ర’ కనిపెట్టింది. ఆరితేరిన మనిషి ఒకడు తీగల టోపీ పెట్టుకుని ఏడు నెలలు కోడ్ రాస్తాడు. రాస్తున్నప్పుడు అతని మెదడులో లేచే అలలన్నీ యంత్రం పట్టుకుంటుంది. తర్వాత కుర్ర ఇంజనీరు అదే టోపీ పెట్టుకుని అవే ప్రోగ్రాములు నలభై రోజులు సాధన చేస్తే, ఆ అలలు ఇతనిలోనూ లేస్తాయి. చదువు ఎక్కదు, అలవాటు ఎక్కుతుంది అనేది నస్రీన్. పుస్తకంలోది ఎవరిది వాళ్ళు చదువుకోవలసిందే. పెద్ద చిక్కును ఎక్కడ విడగొట్టాలి, దేన్ని అనుమానించాలి, ఎక్కడ ఆపాలి, ఇవి మాత్రం నలభై రోజుల్లో చేతికి వచ్చేస్తాయి.

ఆ ఆరితేరిన మనిషి మా ఆయన, పైడిరాజు.

నేనూ కంప్యూటర్ మనిషినే. ఆయన, నేను ఒకే కంపెనీలో ఇరవై రెండేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. ఆయన రాసేవారు, నేను టెస్టింగ్ చేసేదాన్ని. అంటే ఆయన రాసినదాంట్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. “మా రత్నమాలకి జీతమిచ్చి మరీ నన్ను సాధిస్తున్నారు,” అని ఆయన ప్రతి విందులోనూ ఒకే హాస్యం ఆడేవారు, అందరూ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్ళు. నాలుగేళ్ళ కిందట టెస్టింగ్ యంత్రాలే చేసుకుంటాయని చెప్పి మా విభాగాన్ని ఎత్తేశారు. ఆయనకు పదోన్నతి వచ్చింది, నాకు గోంగూర మిగిలింది.

హైమావతి కాస్త తేరుకుని సంగతి చెప్పింది. వాళ్ళది సాలూరు. తండ్రి లారీలకు బాడీలు కడతాడు. డిప్లొమా చదివి, ఆపైన ఇంజనీరింగ్ చదివి, రెండేళ్ళు ఉద్యోగం కోసం తిరిగి, చివరికి ముద్ర వేయించుకున్నాక ఇక్కడ విశాఖలోనే ఒక చిన్న కంపెనీలో చేరింది. ఒక ఆస్పత్రిలో డయాలిసిస్ రోగుల వంతులు చూసే ప్రోగ్రామ్ పని అప్పజెప్పారు. ఆదివారం వంతులన్నీ సోమవారానికి మార్చమన్నారు. మార్చింది. సోమవారం అప్పటికే నిండిపోయి ఉంటే ఏం చెయ్యాలో ప్రోగ్రామ్‌కు చెప్పలేదు. ముప్పై ఒక్కమంది పేర్లు ఏ జాబితాలోనూ లేకుండా పోయాయి.

ముప్పైమంది గొడవ పెట్టి వంతు సంపాదించుకున్నారు. భీమిలిలో వలలు అల్లుకునే ముసలాయన ఒకడు మూడుసార్లు వచ్చాడట. నీ పేరు లేదంటే మారుమాట్లాడకుండా మూడుసార్లూ తిరిగి వెళ్ళిపోయాడట. నాలుగోసారి మోసుకొచ్చారు. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు, కానీ ఇప్పుడు నడవలేడు.

“నేను టెస్ట్ సెయ్యకుండా ఇచ్చీసానండి. అది నిజమే. అబద్ధం ఆడను,” అంది. “కాలేజీలో నేను ప్రతిదీ రెండేసి సార్లు సూసుకునేదాన్ని మేడమ్. మా ఫ్రెండ్సు ఎక్కిరించేవోరు. మరప్పుడెందుకు సూడలేదో నాకే తెల్దు. గురువారం ఎంక్వయిరీ. ముద్ర సర్టిఫికెట్ తీసీస్తే ఇంకెవులూ ఉద్యోగం ఇవ్వరు. ముద్ర రెండోసారి వెయ్యరు కదండీ. అజాగ్రత్త పిల్ల కాదని సార్ ఒక్క ఉత్తరం మీద సంతకం పెడితే…”

“ఉత్తరం నువ్వే రాసి ఉంచు. వచ్చాక అడుగుదాం,” అన్నాను.

నా కుడిపక్క కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తీసింది. నేను గోంగూర పనిలో పడ్డాను. కాసేపటికి రాయడం అయిపోయింది. అరచేతి అంచుతో లాప్‌టాప్‌ను ఎడమపక్కకు, అంటే నా వైపు తోసి, వెనక్కి వాలి, రెండు చేతులూ మెడ వెనక పెట్టుకుంది. నేను తువ్వాలుకు చేతులు తుడుచుకుని లాప్‌టాప్ దగ్గరకు లాక్కుని చదివాను.

“విచారణ గురువారం అన్నావు, తేదీ బుధవారంది వేశావు,” అన్నాను.

అనేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చదవమని ఆ పిల్ల నన్ను అడగలేదు. చదువుతానని నేనూ అనలేదు.

ఆ తోయడం, ఆ వాలడం, ఆ చేతులు మెడ వెనక పెట్టుకోవడం, అన్నీ మా ఆయనవి. ఇరవై రెండేళ్ళు రోజుకు పదిసార్లు చూశాను.

“నా వైపు ఎందుకు తోశావమ్మా?” అని అడిగాను.

“ఏటో తెల్దండి. ఏదైనా రాసీడం అయిపోతే ఎడమేపు ఎవులో ఉన్నట్టుంటాది. ఆవిడ సూస్తాది లే అనిపిస్తాది. ఇంక ఏ బెంగా ఉండదు. అమ్మ ఇంట్లో ఉంటే నిద్దరట్టీసినట్టు.”

“ఆవిడా?”

“ఆవిడేనండి. మగమనిషని ఎప్పుడూ అనిపించలేదు.”

ఆ పిల్లకు మంచినీళ్ళు తెస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన ఆరుగంటలకు వచ్చారు. హైమావతి దణ్ణం పెట్టింది. ఆయన ఉత్తరం చదివి, సానుభూతిగా తల ఊపి, ఆలోచిస్తానని చెప్పి పంపించేశారు. ఆ పిల్ల గేటు దాటగానే నా వైపు తిరిగారు.

“సంతకం పెట్టను. పెడితే ముద్రలోనే లోపం ఉందని నేను ఒప్పుకున్నట్టు. వచ్చే నెలలో నన్ను ముద్రలన్నిటికీ ముఖ్యగురువుగా వేస్తున్నారు, నీకు తెలుసు కదా. అజాగ్రత్త పిల్ల. మిగతా నాలుగొందలమందికీ లేని జబ్బు ఈవిడకేటి?”

“మిగతావాళ్ళు పెద్ద కంపెనీల్లో ఉన్నారు. అక్కడ ఎవరో ఒకరు చూస్తారు. ఈ పిల్ల కంపెనీలో చూసే దిక్కు లేదు,” అన్నాను. “ఏవండీ, ముద్ర పట్టిన ఆ ఏడు నెలలూ సాయంత్రం ఇంటికి తెచ్చి నాకు చూపించేవారు. ఆ సంగతి నస్రీన్‌కి చెప్పారా?”

“చూపించాను. భార్యకి చూపించడం కూడా నేరమేటి? అది టెస్టింగా?”

“రోజుకి పది తప్పులు చెప్పాను.”

“చెప్పావు, కబుర్లలో. నేను దిద్దుకున్నాను. దిద్దింది నేనే కదా.”

నాకు ఒళ్ళు మండింది. ఈయనది అబద్ధమైతే ఇంత మండేది కాదు. నిజంగానే ఆయన అలా అనుకుంటున్నారు. ఆ పూట నేను అన్నం వడ్డించలేదు. ఆయనే పెట్టుకుని తిని, ఉప్పు తక్కువైందని కూడా చెప్పారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ప్రయోగశాలకు వెళ్ళాను. నస్రీన్ నాకంటే పదేళ్ళు చిన్నది, ఎవరు చెప్పినా వింటుంది, ఋజువు లేకుండా నమ్మదు. నా మాట మొత్తం విని, “మీకు భర్త మీద కోపమా, మేడమ్?” అని అడిగింది.

“ఉంది. కానీ అది పాతది. అందుకోసం రాలేదు.”

ఆమె నవ్వి, ముద్ర వేయించుకున్న నలుగురిని పిలిపించింది. నలుగురినీ నాలుగు గదుల్లో విడివిడిగా కూర్చోబెట్టి ఒక చిన్న ప్రోగ్రామ్ ఇచ్చి పూర్తిచెయ్యమంది. అందులో నేనే ఒక తప్పు దూర్చాను. ఒక్కసారి నడిపి చూస్తే దొరికిపోయే తప్పు. మేము బయట తెర మీద చూస్తున్నాం. మొదటి కుర్రాడు పూర్తిచేశాడు. కీబోర్డును అరచేతి అంచుతో ఎడమకు తోసి వెనక్కి వాలాడు. రెండోవాడూ అంతే. మూడో అమ్మాయి కీబోర్డు తీగ పొట్టిదై రాకపోతే కాగితాలు తోసింది. నాలుగో గదిలో ఎడమపక్క గోడే ఉంది. ఆ కుర్రాడు కీబోర్డును గోడకు ఆనించి మరీ వాలాడు. నలుగురిలో ఒక్కరూ నడిపి చూడలేదు.

నస్రీన్ లోపలికి వెళ్ళి మా ఆయన అలల పటం తెచ్చింది. ప్రతి ప్రోగ్రామ్ చివరా గీత దిగి, నున్నగా, సమంగా సాగుతోంది.

“ఇది మేము మొదటి వారంలోనే చూశాం,” అంది. “ఆరితేరిన వాళ్ళకు వచ్చే ప్రశాంతత ఇదేనని అనుకున్నాం. కొత్త పిల్లలకు ఉండనిదీ, మనం ఇవ్వగలిగిందీ ఇదేననుకున్నాం. అందుకని దీన్ని రెండింతలు చేసి ఎక్కించాం, మేడమ్.”

“ఆయన ఒక్కరే చేస్తున్నారనుకున్నారా?”

“సాయంత్రం పట్టుకెళ్ళి, పొద్దున్న ఒక్క తప్పు లేకుండా తెచ్చేవారు. ఇంట్లో ఇంకోసారి చూసుకుంటానని చెప్పారు.”

నలుగురినీ అడిగింది, పని అయ్యాక ఏమనిపించిందని. ముగ్గురు హైమావతి చెప్పినట్టే చెప్పారు. గోడ గదిలో కుర్రాడు మాత్రం కాస్త సిగ్గుపడి, “ఆవిడ తిడుతుందండీ. కానీ చూస్తుంది. ఆవిడ చూశాక ఇంక ఎవరు చూసినా నాకు భయం లేదు,” అన్నాడు.

నాకు సంతోషం వేసింది. సిగ్గులేకుండా సంతోషం వేసింది. ఇరవై రెండేళ్ళలో మా ఆయన నోట ఒక్క మంచిమాట వినలేదు నేను. ముక్కూ మొహం తెలియని పిల్లలు వరసగా నిలబడి ఆయన మనసులో మాట నాకు చెబుతున్నారు. తర్వాత భీమిలి మనిషి గుర్తొచ్చాడు. ఆ సంతోషం ఖరీదు ఆ ముసలాయన కాళ్ళు. నస్రీన్ ఇచ్చిన టీ తాగలేకపోయాను.

“విచారణలో మీరు ఈ పటం చూపించాలి,” అన్నాను.

“చూపిస్తాను. నా ప్రయోగశాల మూతపడినా చూపిస్తాను. కానీ ఇది నా ఊహ అవుతుంది. ఏడు నెలలూ మీరు చూశారని రాజుగారు ఒప్పుకుంటేనే ఋజువు. లేకపోతే ఆ అమ్మాయి అజాగ్రత్తే మిగులుతుంది.”

గురువారం పొద్దున పదింటికి విచారణ. విచారణ అధికారి విశ్రాంత ప్రొఫెసర్, చెవికి యంత్రం పెట్టుకున్న పెద్దమనిషి. ఒక చివర హైమావతి, పక్కన వాళ్ళ నాన్న. ఆయన గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఇంకా పోలేదు. లారీ మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు. నేను మా ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఒకే కారులో వచ్చాం.

నస్రీన్ పటాలూ, నలుగురు పిల్లల్ని తీసిన వీడియో తెర మీద చూపించి తన తప్పు తాను ఒప్పుకుంది. నన్ను అడిగారు, నేనూ చెప్పాను. తర్వాత అధికారి మా ఆయన్ని అడిగాడు.

“పైడిరాజుగారూ, ముద్ర పట్టిన కాలంలో మీ పనిని మరొకరు ఎవరైనా పరీక్షించారా?”

ఆయన నా వైపు చూడలేదు.

“లేదండి. ఇంట్లో కబుర్లు చెప్పుకోవడం పరీక్ష కాదు కదండీ.”

హైమావతి తల దించుకుంది. వాళ్ళ నాన్న ఏమర్థమైందో గాని కూతురి వీపు మీద చెయ్యి వేశాడు. ఇంక అయిపోయింది అనుకున్నాను. ఈ మనిషితో ఇదే ఆఖరి కారు ప్రయాణం అని కూడా అనుకున్నాను.

గుమాస్తా ఆయన వాంగ్మూలం టైపు చేసి ముందు పెట్టాడు. “చదువుకుని సంతకం చెయ్యండి,” అన్నాడు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు. ఒకచోట అక్షరదోషం కొట్టి దిద్దారు. జేబులోంచి కలం తీసి మూత విప్పారు. తర్వాత కాగితాన్ని అరచేతి అంచుతో ఎడమపక్కకు, నా ముందుకు తోసి, వెనక్కి వాలి, రెండు చేతులూ మెడ వెనక పెట్టుకున్నారు.

అప్పటికి హాల్లో అందరూ తెర మీద నలుగురు పిల్లల్ని చూసి ఉన్నారు. నస్రీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన ఒక్కరికే ఏమీ తెలియలేదు. నేను చదివి ఇస్తానని తాపీగా కూర్చున్నారు.

నేను చదివాను. ఏం చెయ్యను, అలవాటు.

“మూడో వాక్యం తప్పు,” అన్నాను.

“ఎక్కడ?” అని ముందుకు వంగారు. నా వేలు ఉన్నచోట చూశారు. ‘నా పనిని మరెవరూ పరీక్షించలేదు.’ తర్వాత కాగితం ఎక్కడుందో చూశారు, తన చేతులు చూసుకున్నారు. అధికారి చెవి యంత్రం సర్దుకున్నాడు గాని, వినడానికి ఎవరూ ఏమీ అనడం లేదు.

ఆయన కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేశారు. పైన చిన్న అక్షరాలతో, ‘ప్రతిరోజూ నా భార్య రత్నమాల పరీక్షించింది. ఆమె చూడనిది ఏదీ నేను ఎప్పుడూ బయటికి ఇవ్వలేదు’ అని రాసి సంతకం చేశారు.

హైమావతి సర్టిఫికెట్ నిలబడింది. ముద్ర వెయ్యడం ఆపేశారు. మా ఆయనకు ముఖ్యగురువు పదవి పోయింది, దాంతోపాటు బత్తాయిలూ పోయాయి. ఎక్కించిన ముద్రను తీసెయ్యడం మాత్రం కుదరదని నస్రీన్ చెప్పింది. ఆ నిశ్చింత నాలుగొందల పన్నెండు మందిలోనూ బతికినన్నాళ్ళూ ఉంటుంది. వాళ్ళు దాన్ని నమ్మకుండా పనిచెయ్యడం నేర్చుకోవాలి. యంత్రం నేర్పలేదు కాబట్టి మనిషి నేర్పాలని, అది నేర్చుకునేదాకా ఒక్కరూ ఆస్పత్రి పని ముట్టుకోకూడదని అధికారి ఉత్తర్వు రాశాడు. ఆ మనిషిగా నన్ను వేశారు.

తిరిగి వస్తుంటే హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో కారు ఆగింది. ఆయన స్టీరింగ్ వదలకుండా అన్నారు.

“ఆ పిల్లలకి ఎంత హాయిగా ఉంటాదో నాకు తెలుసు, రత్నం. నేను ఇరవై రెండేళ్ళు అలాగే బతికాను.”

“ఆ ముక్క ఇన్నాళ్ళూ చెప్పడానికేం?”

“నీకు తెలుసనుకున్నాను.”

తెలియదని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. వెనక లారీవాడు హారన్ కొడుతున్నా ఆయన బండి కదపలేదు.

సోమవారం మొదటి క్లాసు. ఇరవైమంది వచ్చారు. హైమావతి ముందు వరసలో కూర్చుంది. మళ్ళీ ఆ డయాలిసిస్ ప్రోగ్రామే ఇచ్చాను, మొదటినుంచి రాయమని. ఒక్కో బల్ల దగ్గర ఆగుతూ చివరికి ఆమె ఎడమపక్కకు వచ్చి నిలబడ్డాను. ఆమె పూర్తిచేసింది. అరచెయ్యి అంచు లాప్‌టాప్‌ను తాకింది, నా వైపు తోసింది.

చేతులు చాచి తీసుకోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. నా జీవితంలో నాకు దక్కిన మెప్పు ఆ ఒక్క తోపులో ఉంది. దాన్ని ఈ ఇరవైమందికీ, వీళ్ళ తర్వాత మిగతా మూడొందల తొంభైరెండు మందికీ మాన్పించడం నా కొత్త ఉద్యోగం.

“మేడమ్, సూడరా?” అంది.

“చూడను,” అన్నాను. “ఇక్కడ ఎవరూ లేరమ్మా.”

వెనక్కి తిరిగి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. చాలాసేపటికి లాప్‌టాప్ బల్ల మీద వెనక్కి జరిగిన చప్పుడైంది. హైమావతి ప్రోగ్రామ్ మొదటి పంక్తినుంచి, పెదాలతో ఒక్కొక్కటే చెప్పుకుంటూ, సోమవారం నిండిపోతే ఏమవుతుందో చూసుకోవడం మొదలుపెట్టింది.